సవరణ: కొత్త అక్వేరియంలో చేపలు వదిలే సమయం
కొళాయి నీళ్లు ఒక రోజు నిలవబెడితే క్లోరిన్ పోతుంది, మర్నాడే చేపలు వదలొచ్చని మొన్న రాశాను. ఆ రెండో మాట తప్పు, సరిచూసుకోకుండా రాశాను.

చేపల విసర్జన, మిగిలిన మేత వల్ల నీళ్లలో చేపలకు విషమైన అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుందని చేపల పెంపకం పుస్తకాల్లో ఉంది. అందుకే మర్నాడే చేపలు వదలకూడదు. మన అనంతపురంలో బోరు నీళ్లు చాలాచోట్ల క్షారగుణంతో ఉంటాయి కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి. పీహెచ్ (నీళ్ల క్షారగుణాన్ని చెప్పే కొలత) 7 నుంచి 8కి పెరిగితే చేపలకు విషమయ్యే అమ్మోనియా వాటా దాదాపు 10 రెట్లవుతుంది.

ఇప్పటికే చేపలు వదిలినవాళ్లు టెన్షన్ పడకండి. మేత బాగా తగ్గించండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చేదాకా రోజూ నాలుగో వంతు నీళ్లు మార్చండి. ఫిల్టర్ స్పాంజిని కొళాయి కింద కడగొద్దు, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే జాడించండి.