సవరణ: పురుగు మందుకు ‘అలవాటు పడదు’

మొన్న మునుగోడు దిక్కు పత్తి గురించి రాస్తూ, "గులాబీ రంగు పురుగు మందుకు అలవాటు పడ్డది, నిరోధకత అన్నా సహనశక్తి అన్నా ఇదే" అన్నాను. రెండు ముక్కలూ తప్పే. కలుపు, పురుగుమందుల శాస్త్రవేత్తల సంఘాలు ఇచ్చిన నిర్వచనాలు చూశాక తెలిసింది.

ఏ పురుగూ తన బతుకులో నిరోధకత తెచ్చుకోదు. గుంపులో మందును తట్టుకునే జన్యువులున్నవి ముందే కొన్ని ఉంటాయి. సున్నితమైనవి చస్తాయి, ఇవి మిగిలి గుడ్లు పెడతాయి. తరాలు గడిచేసరికి మామూలుగా చంపే మోతాదుకూ చావని గుంపు తయారవుతుంది. అదీ నిరోధకత. గుజరాత్‌లో బీటీ పత్తి (పురుగును చంపే విషాన్ని మొక్కే తయారు చేసుకునే రకం) విషయంలో గులాబీ రంగు పురుగులో 2010లో బయటపడింది ఇదే.

సహనశక్తి వేరు, అది జాతికి పుట్టుకతో వచ్చిన గుణం. అట్రాజిన్ అనే కలుపు మందు కొడితే కలుపు చస్తది, మక్క చావదు. ఆ మందును విషం కాకుండా మార్చుకునే శక్తి మక్కకు ముందే ఉంది, ఎవరూ అలవాటు చేయలేదు.

ఒక్కసారి మందు పారకపోతే నిరోధకత అనేయొద్దు. కొట్టిన గంటకే వాన పడొచ్చు, పురుగు కాయ లోపల దాగి ఉండొచ్చు, మందే నకిలీ కావచ్చు (మనకిదేం కొత్త!). సరైన మోతాదు కొట్టినా పదే పదే విఫలమైతేనే ఆ అనుమానం, ల్యాబ్ పరీక్షలో తేలితేనే ఆ మాట.