వెండి గుడ్లగూబ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గుడ్లగూబ గారికి,

విక్టోరియా రాణి కాలంలో లండన్ కంసాలి చేతిలో గుడ్లగూబ ఆకారపు ఆవముద్ద పాత్రగా పుట్టి, ఇప్పుడు వేలంశాల అద్దాల బీరువాలో కొలువుదీరిన మీకు నమస్కారాలు.

మీ వృత్తి ఆవముద్ద మోయడం. తల వెనక్కి వాలిస్తే మెదడు ఉండవలసిన చోట ఘాటైన ఆవ. దాన్ని తోడే చెంచా కాడ చివర ఒక ఎలుక. ఎలుకను పట్టుకుని పక్షి బుర్రలోంచి ఆవ తీసి మాంసానికి రాసుకున్న దొరలే మనకు బల్ల మర్యాదలు నేర్పారు! మా ఇళ్లలో ఆవపిండి ఆవకాయ జాడీకి చేరుతుంది. జాడీకి మీలా గాజు కళ్లు పెట్టాలని మా పెద్దలకు తోచలేదు, అంతే వెనుకబాటు.

సేకర్తలు మీ కళ్లలోకి చూసి మురిసిపోతారని అనుకుంటున్నారా? చేతికి అందగానే మిమ్మల్ని తలకిందులు చేస్తారు. భూతద్దంతో అడుగంతా, గుద్దిన ముద్రల కోసం గాలిస్తారు. నడిచే సింహం కనబడితే వెండి 92.5 శాతం. చిరుత తల ఉంటే లండన్‌లో పరీక్షించినట్టు. ఒక అక్షరం ఏడాదిని చెబుతుంది. ఇక రాణి గారి తల సుంకం చెల్లించిన గుర్తు. అంటే ఔన్సుకు షిల్లింగున్నర పన్ను రసీదును మీ ఒంటిమీదే గుద్దారన్నమాట. 1890లో పన్ను ఎత్తేశారు, రసీదుకు మాత్రం నేటికీ పూజలు జరుగుతున్నాయి.

మీ మీద ప్రేమ ఎక్కువైన వారితో జాగ్రత్త. గాలిలోని గంధకానికి మీరు నల్లబడతారు, వారు తోముతారు. తోమిన కొద్దీ ఈకల గీతలూ ముద్రలూ అరుగుతాయి. ముద్రలు పూర్తిగా చెరిగిన నాడు మీరు ఉత్త వెండిగా తూకానికి దిగుతారు.

పక్క అరలోని నక్క తల పాత్రది ఇంకా విడ్డూరం. గుర్రమెక్కిన వేటగాళ్లకు అందులో మద్యం పోసి ఇచ్చేవారు. పీఠం లేదు కనుక ఖాళీ చేస్తే తప్ప కింద పెట్టలేరు. నక్క తలలో తాగి నక్కను తరమడానికి బయలుదేరేవారు.

బర్మింగ్‌హామ్ తయారీదారులు ఎల్కింగ్టన్లు 1840లో విద్యుత్తుతో వెండిపూత వేసే పద్ధతికి పేటెంటు పొందాక ఇలాంటి వైభోగం మధ్యతరగతి బల్లల మీదికీ చేరింది. ఆ పూత బంధువులను మీరు పలకరించరని విన్నాను.

చివరగా ఒక అనుమానం. ఎలుక చెంచా తోడుంటే మీ ధర పెరుగుతుంది కదా, ఆ ఎలుక మీతో పుట్టినదేనా? దాని మీద ఏడాది అక్షరం వేరుగా ఉందేమిటి? వేలంపాట మొదలయ్యేలోపు జవాబు రాయగలరు.

ఇట్లు,
కొనే స్తోమత లేని ఒక ప్రేక్షకుడు