బటన్ నొక్కితే ఆటోహార్ప్ దానంతటదే మోగదు

తిరుపతి భజన బృందాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. "మన స్వరమండలానికే బటన్లు పెట్టి ఆటోహార్ప్ అన్నారు. బటన్ నొక్కితే దానంతటదే మోగుతుంది. శ్రుతి చేసే పని లేదు. ఏ రాగానికైనా సరిపోతుంది" అని. ఇది నమ్మి కొన్నవాళ్లు నెల తిరక్కుండా దాన్ని అటక ఎక్కిస్తారు. మంచి వాయిద్యానికి ఆ గతి పట్టకూడదు.

స్వరమండలం మాట ముందు తేల్చేద్దాం. రెండింటిలోనూ తీగలు పెట్టె మీద సమాంతరంగా సాగుతాయి. పోలిక అంతవరకే, దానికి బటన్లు పెట్టి దీన్ని చేయలేదు. ఆటోహార్ప్‌కు 1882లో అమెరికాలో చార్లెస్ జిమ్మర్‌మన్ పేటెంట్ పొందాడు.

బటన్ నొక్కితే మోగుతుందా? మోగదు. బటన్ పని మోగించడం కాదు, అక్కర్లేని తీగల నోరు నొక్కడం. ప్రతి బటన్ కింద తీగలకు అడ్డంగా ఒక పట్టీ, దాని అడుగున ఫెల్ట్ (మెత్తటి ఉన్ని గుడ్డ) ఉంటాయి. కావలసిన తీగల దగ్గర మాత్రం ఫెల్ట్‌కు గాటు పెడతారు. సి మేజర్ అనే స్వరాల గుంపు బటన్ నొక్కితే, ఒకటో శ్రుతి లెక్కన (అంటే సి స్వరమే స అనుకుంటే), స, అంతర గాంధారం, ప తీగలకు అడ్డు ఉండదు, మిగిలినవి అణిగిపోతాయి. మీటాల్సింది రెండో చెయ్యే. అణగాల్సిన తీగ గుయ్‌మంటే తీగ మార్చకండి. ఫెల్ట్ అరిగిందేమో చూడండి. మోగాల్సిన తీగ టక్కుమని ఆగిపోతే గాటు ఇరుకైనట్టు.

శ్రుతి సంగతికొస్తే, మామూలుగా 36 తీగలు, 36 బిరడలు. ఎండకు ఉక్కు తీగ సాగి శ్రుతి దిగుతుంది. తేమకు చెక్క ఉబ్బి శ్రుతి పెరుగుతుంది. మే నెలలో తిరుపతిలో సరిచేసి కొండ మీదికి తీసుకెళ్తే అక్కడి చల్లదనానికి మళ్లీ తేడా వస్తుంది. కొత్త తీగలు వేసినప్పుడు ఒక్క విడతలో కుదరదు. తర్వాతి తీగలు బిగించేకొద్దీ చట్రం వంగి మొదటివి దిగిపోతాయి. రెండు మూడు విడతలు తిరగాలి. బిరడలు తిప్పే కీని వెంట్రుకవాసి తిప్పి చూడాలి, ఒక్కసారిగా తిప్పితే తీగ తెగుతుంది.

ఏ రాగానికైనా అన్నదే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మోహనకు సి మేజర్ చక్కగా అతుకుతుంది. అదే బటన్ ఖరహరప్రియలో నొక్కితే సాధారణ గాంధారం మీద అంతర గాంధారం పడి చెవికి గుచ్చుకుంటుంది. అక్కడ సాధారణ గాంధారం ఉన్న సి మైనర్ నొక్కాలి. హిందోళంలో పంచమమే లేదు, కాబట్టి ఆ రెండూ పనికిరావు. గమకం సరేసరి, తీగను లాగే వీలే లేదు.

హిందోళానికి దారి ఉంది. వాడని పట్టీ ఒకటి ఊడదీసి, పాత ఫెల్ట్, జిగురు గీకేసి కొత్తది అతికించండి. తీగల మీద సుద్ద రాసి పట్టీని ఒక్కసారి నొక్కితే ఫెల్ట్ మీద తెల్లగీతలు పడతాయి. స, శుద్ధ మధ్యమం గీతల దగ్గర మాత్రమే, తీగ ఊగినా తగలనంత వెడల్పుగా గాటు కోయండి. హిందోళానికి తంబూరాను మధ్యమానికి శ్రుతి చేసినట్టే ఇదీ మోగుతుంది.