చనిపోయినవాడి గొంతుతో చెలగాటం

'వైస్ సిటీ' వీడియో గేమ్ హీరో టామీ వర్సెట్టి తిరిగొస్తున్నాడట. వారం రోజులుగా అనంతపురం, కర్నూలు, కడప కాలేజీ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే సందడి. చెట్ల బొమ్మలున్న నీలం చొక్కా, సముద్రం మీద గుంకుతున్న పొద్దు, తల నెరిసిన టామీ, బొంగురు గొంతుతో నాలుగు బెదిరింపు మాటలు. పైన తెలుగులో పెద్ద అక్షరాలు: 'లీక్! అన్న వచ్చేశాడు'. కర్నూలులో ఒక సెల్‌ఫోన్ దుకాణం ముందు ఏకంగా స్వాగత ఫ్లెక్సీ వెలిసింది. ఫ్లెక్సీలు రాయలసీమకు కొత్త కాదు కనుక దాన్ని వదిలేద్దాం. వదలలేనిది ఆ గొంతు. 2002 నాటి 'వైస్ సిటీ'లో టామీకి గొంతునిచ్చిన అమెరికన్ నటుడు రే లియోటా 2022 మే 26న కన్నుమూశారు. మరి ఈ క్లిప్పులో మాట్లాడుతున్నదెవరు?

మనిషి కాదు. ఆ నటుడి పాత సంభాషణలను కృత్రిమ మేధకు మేపి పుట్టించిన గొంతు అది. ఆయన కుటుంబాన్ని ఎవరైనా అడిగారా? అడిగినట్టు ఆ వీడియోలో ఎక్కడా లేదు.

పాత కథానాయకుడు మళ్లీ రావాలన్న ఆశను మేం ఎగతాళి చేయడం లేదు. ఒకప్పుడు మన ఊళ్ల నెట్ సెంటర్లలో ప్లైవుడ్ అరల మధ్య ఒక్క కుర్చీలో ఇద్దరు సర్దుకుని ఆడిన ఆట ఇది. సంకేత పదాలు నోటుపుస్తకం చివరి పేజీలో ఉండేవి. 'పాంజర్' అని టైపు చేస్తే నడివీధిలో యుద్ధ ట్యాంకు ప్రత్యక్షమయ్యేది. ఆనాటి సీడీల్లో ఎన్ని అసలైనవో, ఎన్ని దొంగ ప్రతులో ఇప్పుడు తవ్వి తీయనక్కర లేదు. ఆ కుర్రాళ్లే నేడు పిల్లల స్కూలు ఫీజులు కడుతున్నారు. అదే వరుసలోని కొత్త ఆట జీటీఏ-6 మళ్లీ వైస్ సిటీ నగరానికే వెళుతోందని 2023 డిసెంబరు ట్రైలర్‌తో తెలిసినప్పుడు వారి గుండె లయ తప్పిందంటే అర్థం చేసుకోగలం. కథానాయకులు జేసన్, లూసియా అని తయారీదారు రాక్‌స్టార్ స్పష్టంగానే ప్రకటించింది. అయినా ఏదో మూల నుంచి టామీ నడిచి వస్తాడని ఎదురుచూపు. ఆట 2025లో రావలసింది, 2026 మేకు జరిగింది, అక్కడి నుంచి నవంబరు 19కి వెళ్లింది. వాయిదా పడిన ప్రతిసారీ ఆ ఖాళీని పుకారు నింపుతోంది.

పుకార్లు నిజమైన సందర్భాలూ లేకపోలేదు. భయానక వీడియో గేమ్ 'రెసిడెంట్ ఈవిల్' కొత్త భాగం ప్రకటించినప్పుడు అలాంటి కథకు పాత హీరో లియోన్ అంతగా నప్పడన్నట్టు దర్శకుడు మాట్లాడారు. 2025 డిసెంబరు ట్రైలర్‌లో లియోన్ దర్జాగా ప్రత్యక్షమయ్యాడు. ఇక 2022 సెప్టెంబరులో జీటీఏ-6 తయారీ దశ వీడియోలు దాదాపు 90 నిజంగానే బయటపడ్డాయి. అప్పటి నుంచి 'లీక్' అన్న ముద్ర ఉంటే చాలు, ఏ సరుకైనా చెల్లుబాటవుతోంది.

ఊహించుకోండి, పందేలు వేసుకోండి, మాకు అభ్యంతరం లేదు. టామీ కల్పిత పాత్ర. అతన్ని తేవాలో వద్దో సృష్టించిన సంస్థ ఇష్టం, కొత్త నటుడితో పలికిస్తుందో లేదో కూడా దాని ఇష్టమే. గొంతు మాత్రం ఒక మనిషిది. ఈ తేడాను చెరిపేయడమే మా ఆందోళన.

ఇది అభిమానుల నివాళి అని, ఎవరి సొమ్మూ తినలేదని వాదించేవారున్నారు. నివాళి అయితే పటానికి దండ వేస్తారు, గొంతు ఎత్తుకుపోరు.

తెలుగువారికి ఈ నొప్పి పరాయిది కాదు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును అనుమతి లేకుండా కృత్రిమ మేధతో సృష్టించారంటూ ఆయన కుమారుడు 2024లో ఒక తెలుగు సినిమా బృందానికి లీగల్ నోటీసు పంపారు. బాలు విషయంలో మనకు రుచించనిది లియోటా విషయంలో 'లైకు' కొట్టదగినది ఎలా అయింది? అదే ఏడాది ఏఆర్ రహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులను వాడినప్పుడు కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని చెప్పారు. అనుమతి ఉన్నా గండం తప్పదని 'ఫోర్ట్‌నైట్' అనే ఆన్‌లైన్ ఆట చూపింది. జేమ్స్ ఎర్ల్ జోన్స్ కుటుంబం అంగీకారంతోనే 2025 మేలో అందులో 'స్టార్ వార్స్' విలన్ డార్త్ వేడర్‌కు ఆ దివంగత నటుడి గొంతు పెడితే, ఆడేవాళ్లు అతనితో వెంటనే బూతులు పలికించారు. సంస్థ హడావుడిగా సరిదిద్దుకోవలసి వచ్చింది. అనుమతి ఉన్నచోటే ఇంత తంటా అయితే, అనుమతి అన్న మాటే లేనిచోట ఎవరిని నిలదీయాలి?

కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది: దివంగత నటుల డిజిటల్ ప్రతిరూపాలకు వారసుల సమ్మతి కావాలి. మన దగ్గర పరిస్థితి వేరు. బతికున్న నటులు తమ పేరు, రూపం, గొంతు ఎవరూ అనుమతి లేకుండా వాడకుండా కోర్టుకు వెళ్లి రక్షణ తెచ్చుకుంటున్నారు, 2025లో నాగార్జున తెచ్చుకున్నారు కూడా. పోయినవారి మాటేమిటి? సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు అలాంటి హక్కులు వ్యక్తితోనే అంతరిస్తాయని, వారసులకు సంక్రమించవని చెప్పింది. అంటే చనిపోయినవాడి గొంతుకు ఈ దేశంలో కాపలా లేదు. తాడిపత్రిలో పుట్టిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ 1930లలో సినిమాల్లోనూ నటించారు. ఆ గొంతుతో రేపు ఎవరైనా లేహ్యం అమ్మితే ఆపే దారేది? 2024లో తమిళనాడులో దివంగత కరుణానిధి తెర మీద కొత్త ప్రసంగాలు చేశారు. గొంతు వినపడగానే జనం చెవులు రిక్కించే దివంగత నేతలు మన జిల్లాల్లో ఎవరో వేరే చెప్పనక్కరలేదు. టామీ క్లిప్పును నవ్వుతూ పంచుకున్న వేలే, ఎన్నికల ముందు రోజు రాత్రి వచ్చే క్లిప్పునూ పంచుతాయి.

రాక్‌స్టార్ కూడా నోరు విప్పాలి. దాని మౌనానికి గిట్టుబాటు బాగానే ఉంది: ఒక్క డాలరు ఖర్చు లేకుండా కర్నూలు సందుల్లో సైతం ప్రచారం జరిగిపోతోంది. తన ఆటలకు పేరు తెచ్చిన నటుడి గొంతును దొంగిలిస్తుంటే ఇది మాది కాదని ఒక్క వాక్యం రాయడానికి అంత పెద్ద సంస్థకు చేతులు రాకపోవడం సిగ్గుచేటు.

ఇక మన జిల్లాల నుంచే ఈ క్లిప్పును తిప్పుతున్న పేజీల నిర్వాహకులకు ఒక ప్రశ్న. వీడియో చివరి క్షణంలో, అడుగున, కళ్లు చికిలిస్తే తప్ప కనపడనంత చిన్నగా 'అభిమాని సృష్టి' అని మీరే రాశారు. సంగతి తెలిసే రాశారన్నమాట. తెలిసినప్పుడు పైన 'లీక్' అని అంత పెద్ద అక్షరాలతో ఎందుకు పెట్టారు?