కామికోచి వారాంతపు యాత్ర: తిరుగుతున్న సందేశానికి సమాధానం

జపాన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. కామికోచి అనే పర్వత లోయను కుటుంబంతో వారాంతంలో చూసి రావడం ఎలాగో చెబుతున్నానంటూ మొదలయ్యే ఆ సందేశం సారాంశం ఇది: కారు అద్దెకు తీసుకుంటే నేరుగా నది ఒడ్డు దాకా వెళ్ళవచ్చు, మంచు చూడాలంటే డిసెంబరు, జనవరి నెలలు మేలు, అక్కడంతా ఎత్తైన కొండ ఎక్కవలసి ఉంటుంది కనుక ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలను హోటల్లోనే ఉంచడం మంచిది, జేఆర్ పాస్ (పర్యాటకులకు ఇచ్చే రైలు పాస్) కొంటే ప్రయాణ ఖర్చు దాదాపు లేనట్టే, సోబా అనే జపాన్ నూడుల్స్ శాకాహారమే కాబట్టి తిండికి ఇబ్బంది లేదు, కోతులు సాధువులు, పిల్లల చేత అరటిపండ్లు పెట్టించవచ్చు, పొద్దున టోక్యోలో బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరవచ్చు.

ఇందులో ఒక్క మాట కూడా ఉన్నదున్నట్టుగా నిలవదు. కామికోచి నిజంగానే పిల్లాపాపలతో, పెద్దవాళ్ళతో వెళ్ళదగిన చోటు. అది అలా ఉండడానికి కారణమైన నియమాలనే ఈ సందేశం లేనట్టుగా రాసింది. అందుకే నాకు ఇది చిన్న పొరపాటుగా అనిపించలేదు. సందేశంతో పాటు వస్తున్న ఫోటో సంగతి ముందే చెప్పి పక్కన పెడతాను. అందులో కనిపించేది ఫ్యూజీ పర్వతం. కామికోచి కప్పా వంతెన మీద నిలబడితే ఎదురుగా కనిపించేది హొతకా శిఖరాల వరుస. వాటిలో ఎత్తైన ఒకు-హొతకా 3,190 మీటర్లతో జపాన్‌లో మూడో స్థానంలో ఉంది. ఫ్యూజీని చూడాలనుకునేవారు వెళ్ళవలసిన దారి వేరు.

ఇక కారు విషయం. నగానో ప్రిఫెక్చర్‌లోని మత్సుమోతో నగర పరిధిలో, ఉత్తర ఆల్ప్స్ అని పిలిచే హిదా పర్వతాల నడుమ, సుమారు 1,500 మీటర్ల ఎత్తున అజుసా నది పారే లోయ కామికోచి. ఆ లోయలోకి సొంత కారుకు గానీ, అద్దె కారుకు గానీ, మోటారు సైకిలుకు గానీ ప్రవేశం లేదు. 1975లో మొదలైన ఈ ఆంక్ష ఇప్పుడు ఏడాది పొడుగునా అమలులో ఉంది. కారులో వచ్చినవారు నగానో వైపు సవాందోలోనో, గిఫు వైపు హిరాయులోనో బండి నిలిపి, అక్కడినుంచి అరగంట పాటు బస్సులోనో టాక్సీలోనో ప్రయాణం చేయాలి. లోయలోకి దారి తీసే కామా సొరంగం ముందున్న గేటు రాత్రిపూట బస్సులకూ టాక్సీలకూ కూడా తెరుచుకోదు. పిల్లలు నిద్రపోతూ, వెనక సీటు నిండా సామానుతో ఆ గేటు దాకా వచ్చి వెనుదిరిగే కుటుంబానికి ఆ రోజు సగం అక్కడే అయిపోతుంది.

కార్లు లేకపోవడం వల్ల కలిగే మేలు బస్సు దిగిన కొద్ది నిమిషాలకే తెలుస్తుంది. బస్ టెర్మినల్ నుంచి కప్పా వంతెనకు నది పక్కగా నడుచుకుంటూ ఐదారు నిమిషాల్లో చేరవచ్చు. వంతెన పొడవు 36 మీటర్లు, వెడల్పు మూడు మీటర్లకు కాస్త ఎక్కువ. చెక్కతో కట్టిన వేలాడే వంతెన కనుక నడిచేవారి అడుగులకు కొద్దిగా ఊగుతుంది, అది పిల్లలకు మహా సరదా. కింద నీరు ఎంత తేటగా ఉంటుందంటే, అడుగున గులకరాళ్ళను ఒక్కొక్కటిగా చూడవచ్చు. అటువంటి చోట నాలుగేళ్ళ పిల్ల చేయి వదిలించుకుని పరుగు తీసినా తల్లి గుండె గుభేలుమనదు, ఎందుకంటే ఆ దారిలోకి వచ్చి మీద పడే వాహనం ఉండదు. నీటి ఒడ్డున మాత్రం చేయి పట్టుకోవలసిందే. మంచు కరిగి వచ్చే ఆ నీరు చల్లనిది, ప్రవాహం వేగమైనది.

డిసెంబరు, జనవరి మేలన్న సలహా అన్నిటికంటే ప్రమాదకరమైనది. కామికోచి రోడ్డు ఏప్రిల్ రెండో సగంలో తెరుచుకుని నవంబరు 15తో సీజను ముగుస్తుంది. ఆ తరువాత బస్సులు తిరగవు, హోటళ్ళు, దుకాణాలు మూతపడతాయి. చలికాలంలో లోపలికి వెళ్ళేవారు లేకపోలేదు. కానీ వారు మంచు బూట్లతో, హిమపాతాల గురించి తెలిసి, సొరంగం గుండా కాలినడకన వెళ్ళే అనుభవజ్ఞులు. కుటుంబంతో మంచు చూడాలనుకుంటే అదే పర్వతాలకు గిఫు వైపున ఉన్న షిన్-హొతకా రోప్‌వే చలికాలంలోనూ నడుస్తుంది. పై స్టేషను 2,156 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఊలు టోపీలు, చేతి తొడుగులు ఉంటే చిన్నపిల్లలు కూడా అక్కడినుంచి తెల్లటి శిఖరాలను చూసి రాగలరు. కామికోచికే వెళ్ళాలంటే మే చివరి లేత ఆకుపచ్చ, లేదా అక్టోబరు చివర కరమత్సు చెట్లు పసుపు రంగుకు తిరిగే రోజులు నా ఎంపిక. జూన్, జూలై మొదటి భాగం వానలు. ఏప్రిల్ చివర, మే మొదట వచ్చే గోల్డెన్ వీక్ సెలవుల్లో జనం విపరీతం.

నన్ను ఎక్కువగా కలచివేసినది అమ్మానాన్నలను హోటల్లో ఉంచమన్న మాట. ఎన్ని వేల కిలోమీటర్ల దూరం నుంచో పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళను, కొండల దాకా తీసుకుపోయి గదిలో కూర్చోబెట్టడానికి ఈ సందేశం చూపిన కారణం ఎత్తు. ఊటీ దాదాపు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. మన పెద్దవాళ్ళలో ఎంతోమంది అక్కడికి వెళ్ళి హాయిగా తిరిగి వచ్చినవారే. కామికోచి దానికంటే ఏడు వందల మీటర్లు తక్కువ. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగడం ఎక్కడికి వెళ్ళినా అవసరమే; మిగతావారికి ఈ ఎత్తు ఒక అడ్డంకి కాదు.

ఇక కొండ ఎక్కడం మాట. ఇక్కడ కొండ ఎక్కాలన్న అభిప్రాయం ఎందుకు వచ్చిందో ఊహించగలను. పంతొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండు మిషనరీ వాల్టర్ వెస్టన్ ఈ పర్వతాలను ఎక్కి వాటిని పాశ్చాత్యులకు పరిచయం చేశాడు. ఆయనకు దారి చూపిన కామిజో కమోంజి పేరు ఇప్పటికీ అక్కడ గౌరవంగా చెప్పుకుంటారు. హొతకా, యారి శిఖరాలకు వెళ్ళేవారు నేటికీ ఇక్కడినుంచే బయల్దేరతారు. హెల్మెట్లు, పెద్ద సంచులు తగిలించుకున్నవారు ఎదురుపడతారు కాబట్టి, ఇది వారి చోటేనని అనిపించడం సహజం. అయితే వారు ఎక్కేది శిఖరాలు, మనం నడిచేది లోయ అడుగు. తైషో కొలను దగ్గర బస్సు దిగి కప్పా వంతెన దాకా నడిస్తే నాలుగు కిలోమీటర్లలోపే. దారి దాదాపు చదును, కొన్నిచోట్ల చెక్క పలకలు పరిచి ఉంటాయి. మామూలు నడకకు గంట, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో ఆగి ఆగి నడిస్తే రెండు గంటలు. అంత కూడా నడవలేనివారు బస్ టెర్మినల్ దాకా వెళ్ళి దిగితే, కొద్ది నిమిషాల నడకలోనే వంతెన దగ్గరి బల్ల మీద కూర్చుని, సందేశం దూరం చేయాలనుకున్న ఆ శిఖరాలన్నిటినీ చూడవచ్చు. చంటిపిల్లల బండి మాత్రం గులకరాళ్ళ మీద సరిగా నడవదు. ఒంటికి కట్టుకునే క్యారియర్ ఉత్తమం.

తైషో కొలను దగ్గర పెద్దవాళ్ళను కాసేపు నిలబెట్టండి. 1915లో పక్కనే ఉన్న యాకేదకే అగ్నిపర్వతం పేలినప్పుడు దొర్లివచ్చిన మట్టీ రాళ్ళూ అజుసా నదికి అడ్డుపడి ఏర్పడిన కొలను అది. అప్పుడు మునిగిన చెట్ల మోడుల్లో కొన్ని ఇప్పటికీ నీటిలో నిలబడి ఉన్నాయి, ఏటేటా ఒకటీ అరా తగ్గుతూ. నది తెచ్చే ఇసుకతో కొలను పూడిపోకుండా పూడిక తీస్తూ దాన్ని నిలుపుకొస్తున్నారు. 2,455 మీటర్ల యాకేదకే ఇప్పటికీ సజీవ అగ్నిపర్వతమే.

జేఆర్ పాస్ గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. పర్యాటకులుగా తాత్కాలికంగా వచ్చినవారికే అది వర్తిస్తుంది. ఉద్యోగ వీసా మీద ఉన్నవారికీ, డిపెండెంట్ వీసా మీద ఉన్న భార్యకో భర్తకో పిల్లలకో వర్తించదు. పర్యాటక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు వర్తిస్తుంది గానీ, 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ ధరను 50,000 యెన్‌లకు పెంచారు. టోక్యోలోని షిన్‌జుకు నుంచి మత్సుమోతోకు అజుసా ఎక్స్‌ప్రెస్ రైలులో ఒకవైపు ఏడు వేల యెన్‌లకు కాస్త అటూ ఇటూ అవుతుంది. ఈ ఒక్క యాత్ర కోసం పాస్ కొనడం నష్టం. పైగా మత్సుమోతో నుంచి షిన్-షిమాషిమా దాకా వెళ్ళే రైలు, అక్కడినుంచి ఎక్కే బస్సు ప్రైవేటు సంస్థవి, పాస్ వాటికి పనికిరాదు. అజుసా రైళ్ళలో 2019 మార్చి నుంచి అన్నీ రిజర్వుడు సీట్లేనని మరిచిపోకండి.

సోబా శాకాహారమన్న మాట మాత్రం నెమ్మదిగా చెప్పుకోవలసినది, ఎందుకంటే నమ్మి తిన్నవారికి ఆ తరువాత కలిగే బాధను ఎవరూ తీర్చలేరు. నూడుల్స్ వరకు గోధుమ జాతి కాని కుట్టు (బక్‌వీట్) గింజల పిండి, కొంత గోధుమ పిండి, నీళ్ళు. అందులో తప్పు లేదు. వేడి సోబా తేలే రసం, చల్లని సోబా ముంచుకునే పులుసు మాత్రం సాధారణంగా ఎండబెట్టి తురిమిన చేపతో కాచినవి. పైన కూరగాయల టెంపురా (బజ్జీ వంటిది) ఉన్నా రసం అదే, టెంపురా పిండిలో గుడ్డు కలిపే అలవాటూ ఉంది. మాంసం వద్దని చెబితే మాంసం ముక్కలు తీసేస్తారు. చేప రసం సంగతి విడిగా అడగకపోతే ఎవరికీ తోచదు. నగానోలో దొరికే ఒయాకి, అంటే ఆకుకూరో గుమ్మడికాయో తీపి ఎర్రచిక్కుడు ముద్దో లోపల పెట్టిన పిండి రొట్టె, మంచి ఆసరా. కూర రకాలలో రుచికి ఏం కలిపారో అడిగి తినాలి, తీపిదైతే బెంగ తక్కువ. మన ఇళ్ళలో ప్రయాణానికి ఎప్పుడూ కట్టుకునే పులిహోర, దద్దోజనం ఇక్కడ కూడా ఉత్తమం. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషి-కసాయిలో చింతపండు, ఆవాలు, కరివేపాకు దొరుకుతున్నాయి గనుక కష్టమూ లేదు. తిన్న తరువాత విస్తరి, కాగితం, అరటి తొక్క అన్నీ సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చుకోవాలి. మరుగుదొడ్లకు తలకు వంద యెన్‌లు డబ్బాలో వేయడం పద్ధతి. చిల్లర దగ్గర పెట్టుకోండి.

కోతులకు అరటిపండ్లన్న మాటను ఎవరూ పాటించకూడదు. కామికోచిలో కోతులు మనిషి పక్కనుంచే నడిచిపోతాయి, మనవైపు చూడను కూడా చూడవు. వాటికి మన చేతి తిండి అలవాటు లేకపోవడమే అందుకు కారణం. అలవాటు చేస్తే ఏమవుతుందో తిరుమల కొండ మీద చేతిలో సంచితో నడిచిన ప్రతి ఒక్కరికీ తెలుసు. జాతీయ ఉద్యానవనాల చట్టానికి చేసిన సవరణ 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. ముఖ్య ప్రాంతాల్లో అడవి జంతువులకు తిండి పెట్టేవారిని సిబ్బంది వారించవచ్చు, వినకపోతే జరిమానా ఉంటుంది. ఆ అడవిలో నల్ల ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి. 2020 ఆగస్టులో కొనాషిదైరా శిబిరంలో రాత్రివేళ గుడారంలో ఉన్న ఒక మహిళను ఎలుగుబంటి గాయపరిచింది; ఆ శిబిరాన్ని కొంతకాలం మూసివేశారు. దీనివల్ల భయపడి మానుకోనక్కరలేదు. పగటిపూట, జనం తిరిగే దారిలో, గట్టిగా మాట్లాడుకుంటూ నడిస్తే చాలు. దారి పక్కన వేలాడదీసిన గంటలను పిల్లలు మోగించుకుంటూ వెళ్తే ఇంకా మంచిది. ఆహారం మూత పెట్టి ఉంచడం మాత్రం తప్పనిసరి.

చివరికి, ఒక్కరోజులో వెళ్ళి రావడం. షిన్‌జుకు నుంచి మత్సుమోతోకు రెండున్నర గంటలకు పైగా, అక్కడినుంచి రైలులో అరగంట, ఆపైన బస్సులో గంటకు పైగా; మధ్యలో వేచి ఉండే సమయం కలిపితే ఒకవైపే ఐదు గంటలు. తెల్లవారుజామున బయల్దేరినా మధ్యాహ్నానికి చేరతారు, తిరుగు బస్సులు సాయంత్రానికే అయిపోతాయి. మూడు నాలుగు గంటల కోసం పది గంటల ప్రయాణం పిల్లలకూ పెద్దవాళ్ళకూ శిక్ష. శుక్రవారం సాయంత్రం అజుసా ఎక్కి మత్సుమోతోలో పడుకుని, శనివారం పొద్దున్నే బయల్దేరితే రోజంతా లోయలో గడపవచ్చు. ఆ రాత్రి తిరిగి మత్సుమోతోలోనే ఉండి, ఆదివారం ఉదయం పదహారో శతాబ్దం చివర కట్టిన నల్లని కోటను చూసి, మధ్యాహ్నం రైలు పట్టుకోవచ్చు. కోట లోపలి మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్ళు కందకం చుట్టూ నడిస్తే చాలు. కామికోచిలో దిగగానే మొదట చేయవలసిన పని, తిరుగు బస్సుకు సీటు ముందుగా తీసుకోవాలా అని టెర్మినల్ కౌంటరులో అడగడం. అక్టోబరు శనివారాల్లో మధ్యాహ్నం రెండు దాటితే ఆ వరుస చాలా పొడవుగా ఉంటుంది.