సొరుగు ఊడితే క్యాబినెట్ మొత్తం మార్చాలా?

వంటింట్లో ఒక సొరుగు ఊడిందని మొత్తం యూనిట్, అంటే ఆ క్యాబినెట్ అంతా, మార్చమని ఎవరైనా చెబితే దయచేసి ఆగండి. డబ్బు కట్టకముందే ఒక వడ్రంగిని పిలిపించి చూపించండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకరి తర్వాత ఒకరు ఇదే మాట విని వేలకు వేలు పోసుకున్నారు. చూసి చూసి ఒళ్లు మండి రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొని మాడ్యులర్ కిచెన్ చేయించుకున్న వాళ్లకు ఇది తెలిసిన కథే. కొన్నేళ్లకు స్టవ్ కింద గిన్నెలు పెట్టుకునే పెద్ద సొరుగు ఒక పక్కకు ఒరుగుతుంది. లాగితే గీసుకుంటూ వస్తుంది, తోస్తే సగంలో ఆగిపోతుంది. ఇంకొన్నాళ్లకు ఒక పక్క పూర్తిగా ఊడి కింది సొరుగు మీద కూర్చుంటుంది. మా ఇంట్లోనూ అంతే అయింది. కిచెన్ చేసిన కంపెనీకి ఫోన్ చేస్తే ఒక అబ్బాయి వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లాడు. తర్వాత కొటేషన్ వచ్చింది: యూనిట్ మొత్తం మార్చాలి, 38,000 రూపాయలు. ఆ సొరుగును బయటికి తీసి చూసిన పాపాన పోలేదు.

తీయడం ఎంతసేపు? సొరుగు జారడానికి రెండు పక్కలా బిగించే లోహపు పట్టాలను ఛానెల్ అంటారు. మామూలు టెలిస్కోపిక్ ఛానెల్, అంటే ఒకదానిలోంచి ఒకటి సాగే రకం అయితే సొరుగు పూర్తిగా లాగినప్పుడు రెండు పక్కలా చిన్న నల్లటి ప్లాస్టిక్ మీటలు కనిపిస్తాయి. ఒక వైపుది పైకి, రెండో వైపుది కిందికి నొక్కి పట్టి లాగితే సొరుగు చేతికొచ్చేస్తుంది. అప్పుడు లోపల ఏం జరిగిందో ఎవరికైనా తెలుస్తుంది.

మా వీధి చివర ఫర్నిచర్ పని చేసే పెద్దాయన వచ్చి చేసింది అదే. సొరుగు తీసి పక్కన పెట్టి, టార్చ్ వేసి, స్క్రూ ఊడిన చోట గోటితో గీకారు. చెక్కపొట్టు జలజలా రాలింది. "సొరుగుకేం కాలేదమ్మా, ఛానెల్ కూడా బాగానే ఉంది. స్క్రూకే పట్టు లేదు" అన్నారు. పక్క పలక పార్టికల్ బోర్డ్. అంటే చెక్కపొట్టును జిగురుతో కలిపి నొక్కి చేసిన పలక. అందులో స్క్రూ ఒకసారి వదులైతే, అదే రంధ్రంలో ఎన్నిసార్లు బిగించినా నిలవదు. కంపెనీల నుంచి వచ్చే కుర్రాళ్లు చేసేది మాత్రం అదే: అదే స్క్రూ, అదే రంధ్రం, గట్టిగా ఇంకో తిప్పు. నెల తిరక్కుండా మళ్లీ ఫోన్.

ఈయన అలా చేయలేదు. పాడైన రంధ్రాలను డ్రిల్లుతో కాస్త పెద్దవి చేసి, పొట్టంతా ఊది, వాటర్‌ప్రూఫ్ ఫెవికాల్ ముంచిన గుండ్రటి చెక్క ముక్కలను లోపలికి దిగగొట్టి, బయటికి వచ్చిన కొసలు కోసేశారు. "రేపటి దాకా ముట్టుకోకండి" అని వెళ్లిపోయారు. మర్నాడు ఆ చెక్కలో స్క్రూలు బిగించారు. ఛానెల్‌కు తయారీలోనే చాలా రంధ్రాలుంటాయి కదా, ఎవరూ వాడని రెండు రంధ్రాల దగ్గర పలక గట్టిగా ఉంటే అక్కడా అదనంగా స్క్రూలు వేశారు. సొరుగు అడుగున కుంగిపోయిన పల్చటి పలక తీసేసి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోసి పెట్టారు. కూలీ, సామాను అంతా కలిపినా కంపెనీ కొటేషన్‌లో పదో వంతు కూడా కాలేదు. ఇప్పుడు నిండుగా గిన్నెలున్నా ఒక వేలితో తోస్తే పోతోంది.

ఛానెలే పోయినా భయపడాల్సిందేమీ లేదు. పొడవు అంగుళాల లెక్కన దొరుకుతుంది, వంటింటి సొరుగులకు ఎక్కువగా 18, 20 అంగుళాలవే ఉంటాయి. పాతది విప్పి చేతిలో పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, మీ ఊళ్లో ఏదైనా మంచి హార్డ్‌వేర్ షాపులోనో చూపిస్తే జత ఇస్తారు. పాతది ఎంత మందం ఉందో కొత్తదీ అంతే ఉండాలి, లేకపోతే సొరుగు బిగుసుకుపోతుంది. టాండమ్ బాక్సుల్లాంటి అడుగున ఛానెల్ ఉండే రకాలకు మాత్రం అదే కంపెనీ సామాను కావాలి, ఖరీదూ ఎక్కువే. అయినా సరే, అది యూనిట్ మార్చేంత ఖర్చు కాదు.

మార్చక తప్పనిది ఒకటి ఉంది. సింకు కింద నీళ్లు కారి పార్టికల్ బోర్డ్ ఉబ్బిపోతే అది ఆరినా మళ్లీ మామూలుగా అవ్వదు. అప్పుడు కూడా ముందు లీకు కట్టించి, ఉబ్బిన ఆ ఒక్క పలక తీయించి, ఐఎస్ 710 ముద్ర (నీళ్లను తట్టుకునే ప్లైవుడ్‌కు ఇచ్చే ప్రమాణం) ఉన్న ప్లైవుడ్ వేయించుకోండి. బాగున్న తలుపులు, గ్రానైట్, పక్క యూనిట్లు ఏం పాపం చేశాయి?

అసలు మన వంటిళ్లకు ఏ పలక కావాలో అమ్మేవాళ్లకు తెలియదా? ఇనుప పెనం, ఐదు లీటర్ల కుక్కరు, ఇత్తడి గిన్నెలు, ఆవకాయ జాడీ, పదిమంది వస్తే తీసే పెద్ద గుండిగ, ఇవన్నీ ఆ కింది సొరుగులోనే కదా పెడతాం. ఛానెల్ మీద 35 కిలోలనో 45 కిలోలనో రాసి ఉంటుంది. కానీ ఆ బరువు మోసే ఛానెల్‌ను పట్టుకుని ఉండేది పొట్టులో దిగిన అరంగుళం స్క్రూ. షోరూంలో ఖాళీ సొరుగు మెత్తగా మూసి చూపిస్తారు, సాఫ్ట్ క్లోజ్ అంటారు. లోపల పలక ఏమిటని అడిగితే పైన అతికించే లామినేట్ షీటు రంగుల గురించి చెబుతారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. సొరుగు ఊడితే ఇంట్లో మగవాళ్లకు అది చిన్న విషయం. రోజుకు ముప్పై సార్లు దాన్ని లాగేది ఎవరు? చంకలో పిల్లతో, ఒక చేత్తో గరిటె పట్టుకుని, రెండో చేత్తో ఒరిగిన సొరుగును ఎత్తి తోసే ఆడవాళ్లను ఎంతమందిని చూశానో. కాలి మీద పడి గోరు ఊడిన వాళ్లూ ఉన్నారు. టీవీ పాడైతే ఆ సాయంత్రమే మెకానిక్ వస్తాడు, సొరుగు మాత్రం దసరా దాకా, సంక్రాంతి దాకా అలాగే వేలాడుతుంది. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్, అంటే కొన్న వస్తువును బాగు చేయించుకునే హక్కు, అని మొదలుపెట్టింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు, ఈ నాలుగు రంగాలను ముందు తీసుకున్నారు. లక్షలు పోసి చేయించుకునే వంటింటి క్యాబినెట్లకు కూడా ఆ ఆలోచన రావాలి. ఏ ఛానెల్ వాడారో, పొడవెంతో, పలక ఏ రకమో సొరుగు వెనక స్టిక్కర్ వేసి ఇవ్వడానికి కంపెనీలకు పోయేదేముంది? పదేళ్లపాటు విడిభాగాలు దొరుకుతాయని బిల్లు మీదే రాసివ్వాలి. కొత్తగా కిచెన్ చేయించుకుంటున్న వాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందే ఇవి రాతపూర్వకంగా అడగండి, కనీసం సొరుగుల యూనిట్ వరకైనా ప్లైవుడ్ అని కొటేషన్‌లో రాయించుకోండి. వారంటీలో ఉండగా ఊడినా మొహం చాటేస్తే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. బిల్లు, సొరుగు తీసిన ఫొటోలు దగ్గర పెట్టుకోండి.