స్కాట్స్‌కు తగిలించిన క్షమాపణ గుర్తు

గేలిక్ భాషతో పాటు, ఇంగ్లిష్‌కు తోబుట్టువులాంటి స్కాట్స్ భాషకూ అధికార హోదా ఇస్తూ స్కాట్లండ్ పార్లమెంటు 2025లో చట్టం చేసింది. మంచిదే. కానీ ఇన్నేళ్లూ ఆ భాష పరువు తీసింది చట్టం లేకపోవడం కాదు, మాట చివర వేలాడే అపాస్ట్రఫీ, అంటే ఇక్కడో అక్షరం లోపించిందని చెప్పే (’) గుర్తు. 18వ శతాబ్దపు రచయితలు, ప్రచురణకర్తలు ఇంగ్లిష్ పాఠకుల కోసం దాన్ని ఎక్కడపడితే అక్కడ తగిలించారు. ఇంగ్లిష్ ‘ఫుల్’ స్కాట్స్‌లో ‘ఫూ’. ఆ ‘ఫూ’ పక్కన గుర్తు పెట్టడమంటే, ఇక్కడో ఎల్ ఉండాలి, మావాడు మింగేశాడు, మన్నించండి అని చెప్పుకోవడమే. దానికి ‘క్షమాపణ అపాస్ట్రఫీ’ అనే పేరు ఊరికే రాలేదు.

ఎవరూ ఏదీ మింగలేదు. కొన్ని అచ్చుల తర్వాతి ‘ల్’ స్కాట్స్‌లో శతాబ్దాల కిందటే వరస తప్పకుండా జారిపోయింది. ‘ఆల్’ ‘ఆ’ అయింది, ‘బాల్’ ‘బా’ అయింది, ఉన్నిని చెప్పే ‘వుల్’ ఉత్త ‘ఊ’గా మిగిలింది. బట్టల కొట్లో బేరం గురించి అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకునే ముచ్చట ఒకటుంది:

“ఊ?” (ఉన్నేనా?)
“అయ్, ఊ.”
“ఆ ఊ?” (అంతా ఉన్నేనా?)
“అయ్, ఆ ఊ.”
“ఆ యే ఊ?” (అంతా ఒకే ఉన్నా?)
“అయ్, ఆ యే ఊ.”

హల్లుల ఊసు లేకుండా బేరం తెగింది. (మన లిపిలో ఎంత హాయిగా ఒదిగిందో!)

ఇంకో తమాషా. ఇంగ్లిష్ ‘నైట్’ స్పెల్లింగులో జి, హెచ్ ఉన్నాయి, పలికే నాథుడే లేడు. స్కాట్స్‌వాళ్లు ‘నిఖ్త్’ అని ఆ గొంతు ధ్వనిని ఇప్పటికీ పలుకుతారు. ‘హౌస్’ను ‘హూస్’ అంటారు, ఇంగ్లిష్ వదిలేసిన పాత అచ్చు అది. చచ్చిన అక్షరాలను మోసేది ప్రామాణికమట, ఉన్న ధ్వనిని పలికేది అపభ్రంశమట!

ఒకే స్పెల్లింగు పెడితే ప్రాంతీయ యాసలు నలిగిపోతాయని కొందరి భయం. ‘ఏమిటి’ అనడానికి గ్లాస్గోలో ‘విట్’, అబర్డీన్‌లో ‘ఫిట్’ అంటారు, నిజమే. కానీ ఒకే రాతను ఎవరి యాసలో వాళ్లు చదువుకోవచ్చు, ఇంగ్లిష్‌వాళ్లు చేస్తున్నది అదేగా. పైగా అపాస్ట్రఫీ వదిలేద్దామని ఎడిన్‌బరా కవులు 1947లోనే తీర్మానించుకున్నారు.

నా అసలు కోపం రాతపనిముట్ల మీద. పాత స్కాట్స్‌లో ఇంచుమించు ‘య’ పలికే ‘యోగ్’ అనే అక్షరం ఉండేది. అచ్చుకూటాల్లో అది లేక, చూపుకు దగ్గరగా ఉందని జెడ్ వాడేశారు. అలా ‘మింగిస్’ అనే ఇంటిపేరు కాగితం మీద ‘మెన్‌జీస్’ అయింది. కావలి సోదరుల సాయంతో మన ఊళ్ల కైఫీయత్తులు సేకరించిన కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) స్కాట్లండ్‌లోని లూయిస్ దీవివాడు. ఆయన ఇంటిపేరులోని ‘జ’ కూడా అచ్చుకూటం పెట్టిన భిక్షే. రాసినట్టే పలకడం తర్వాత అలవాటైపోయింది.

ఇప్పుడు ఆ పెత్తనం ఇంటర్నెట్‌ది. స్కాట్స్ వికీపీడియాలోని వేల వ్యాసాలు ఆ భాష రాని అమెరికా కుర్రాడు రాసినవని 2020లో బయటపడింది. ఇంగ్లిష్ వాక్యాల్లో నిఘంటువు మాటలు అతికించాడు, అంతే. అతన్ని తిట్టి లాభం లేదు. ఏళ్ల తరబడి ఎవరూ గట్టిగా పట్టించుకోలేదేం? 1931 నుంచి 1976 దాకా శ్రమించి పది సంపుటాల జాతీయ నిఘంటువు తెచ్చిన దేశం, దాన్ని అల్మారాలో పెట్టి పిల్లలకు ఇంగ్లిష్ రాత మాత్రమే దిద్దించింది. చట్టం తెచ్చిన ప్రభుత్వం ముందు బడిలో స్కాట్స్ రాత నేర్పించాలి, ఇష్టమైతే తీసుకునే పాఠంగా కాదు, అందరికీ. తన నోటీసులు కూడా ఆ భాషలోనే వేయాలి, అపాస్ట్రఫీలు లేకుండా.